కణం రెండుగా విడిపోయేటప్పుడు ఏ క్రోమోజోము ఎటు వెళ్ళాలో ఎవరు చెప్తారు?

వేరుకొన

నమస్తే అందరికీ. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాలుగు రోజులుగా ఒకే ప్రశ్న బుర్రలో తిరుగుతోంది, పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా తీరట్లేదు. పుస్తకంలో ఏముంటుంది, ప్రథమ దశ, మధ్య దశ, చలన దశ, అంత్య దశ. క్రోమోజోములు మధ్యలో వరసగా నిలబడతాయి, కండె తంతువులు పట్టుకుని లాగుతాయి, సగం ఇటు సగం అటు. బొమ్మల్లో అంతా చక్కగానే ఉంటుంది కానీ ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య ఏం జరిగిందో రాయలేదు.

మనిషి కణంలో 46 క్రోమోజోములు. విభజనకి ముందే ఒక్కోదానికి నకలు తయారై జంటగా అతుక్కుని ఉంటాయి, అంటే 92 క్రొమాటిడ్లు. తంతువుకి కళ్ళు లేవు కదా. ఈ క్రొమాటిడ్‌ని నేను పట్టుకున్నాను, దీని తోడుని అవతలి ధ్రువం (కణం అవతలి కొస) నుంచి వచ్చే తంతువే పట్టుకోవాలి అని దానికెలా తెలుస్తుంది? రెండూ ఒకే వైపు చిక్కుకుంటే? నిన్న ల్యాబ్‌లో ఉల్లి వేరు స్లైడ్ చేశాం. అందులో 16 క్రోమోజోములే. వాటిని చూస్తున్నంతసేపూ ఇదే ఆలోచన.

బోటనీ మాస్టారు

మంచి ప్రశ్న బాబూ. ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను, ఈ ప్రశ్న అడిగిన పిల్లలు చాలా తక్కువ.

ముందు ఒక్క మాట. ఆ నాలుగు దశలూ మనం చదువుకోవడానికి పెట్టుకున్న పేర్లు. వాల్టర్ ఫ్లెమింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సాలమాండర్ పిల్లల కణాలకి రంగు వేసి, చూసిందల్లా చేత్తో గీసి, 1882లో పుస్తకంగా అచ్చు వేశాడు. మైటోసిస్ అన్న పేరు ఆయన పెట్టిందే, గ్రీకులో దారం అనే మాట నుంచి. రంగు వేసిన కణం చచ్చిన కణం, కదలదు. అందుకే మన పుస్తకాల్లో ఈనాటికీ కదలని బొమ్మలే ఉన్నాయి.

ఇక నీ ప్రశ్నకి జవాబు: తంతువుకి తెలియదు. నిజంగానే ఏమీ తెలియదు. కండె తంతువులంటే సూక్ష్మనాళికలు, 25 నానోమీటర్ల మందం ఉన్న బోలు గొట్టాలు. అవి ధ్రువం నుంచి అన్ని దిక్కులకీ పెరుగుతూ ఉంటాయి, పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి కుప్పకూలి వెనక్కి పోతాయి, మళ్ళీ ఇంకో దిక్కుకి పెరుగుతాయి. మిచిసన్, కిర్ష్‌నర్ అనే ఇద్దరు 1984లో దీన్ని చూపించారు. ఇలా చీకట్లో తడుముకుంటూ వెళ్ళిన తంతువు కొస క్రోమోజోము నడుం మీద ఉండే కైనెటోకోర్ అనే ప్రోటీన్ల గుంపుకి తగిలితే అక్కడ పట్టు దొరుకుతుంది. తగలకపోతే కూలిపోయి మళ్ళీ మొదలు.

కొంత సాయం క్రోమోజోము నిర్మాణమే చేస్తుంది. జంట క్రొమాటిడ్ల కైనెటోకోర్లు వీపు వీపు ఆనించి కూర్చున్నట్టు ఉంటాయి, ఒకటి అటు చూస్తే ఇంకోటి ఇటు. అందుకని ఒకదానికి ఎడమ ధ్రువం తంతువు తగిలితే, దాని తోడుకి కుడి వైపుది తగిలే అవకాశం ఎక్కువ.

తర్కం

మాస్టారూ, "అవకాశం ఎక్కువ" అంటే సరిపోదండి. నాది బయాలజీ కాదు, సాఫ్ట్‌వేర్. కానీ లెక్క వేసి చూశాను. ఒక్కో జంట సరిగ్గా చిక్కే అవకాశం సగానికి సగం అనుకుందాం. 46 జంటలూ సరిగ్గా కుదరాలంటే సుమారు 70 లక్షల కోట్లలో ఒక్కసారి. సరే, వీపు వీపు అమరిక వల్ల ఒక్కోదానికి నూటికి తొంభై అనుకుందాం. అప్పుడు కూడా మొత్తం 46 సరిగ్గా కుదిరేది నూటికి ఒకసారి లోపే. మరి మన ఒంట్లో ఇన్ని కోట్ల కణాలు రోజూ ఎలా విడిపోతున్నాయి? పట్టుకున్నాక సరిచూసే పని ఎక్కడో జరుగుతూ ఉండాలి. అది ఎక్కడ?

రాత్రిపాళీ

తర్కం గారూ, సరిగ్గా అక్కడికే వచ్చారు.

నేను బతికున్న కణాల్ని మైక్రోస్కోప్ కింద వీడియో తీసే ల్యాబ్‌లో పనిచేస్తాను, ఎక్కువగా రాత్రుళ్ళే. రోజూ చూసే మాట చెప్తున్నాను: కణం తప్పు చేయకుండా ఏమీ ఉండదు, చాలా చేస్తుంది. రెండు క్రొమాటిడ్లూ ఒకే ధ్రువానికి చిక్కడం మొదట్లో మామూలే. గొప్పతనమంతా ఆ తప్పు పట్టుని విడిపించుకోవడంలో ఉంది.

తప్పని ఎలా తెలుస్తుందంటే, బిగువు వల్ల. ఒక తాడు రెండు కొసలు ఇద్దరు పట్టుకుని చెరో వైపు లాగితే తాడు బిగుస్తుంది. ఇద్దరూ ఒకే పక్క నిలబడి లాగితే తాడు మొత్తం వాళ్ళ వైపు జరుగుతుందే తప్ప బిగవదు. జంట క్రొమాటిడ్లని కలిపి ఉంచేది కోహెసిన్ అనే ప్రోటీన్, ఉంగరంలా రెండిటినీ చుట్టి ఉంటుంది. రెండు ధ్రువాలూ రెండు వైపులా లాగినప్పుడే ఆ కోహెసిన్ ఎదురు నిలుస్తుంది, మధ్యలో బిగువు వస్తుంది. అంటే విడిపోవాల్సిన వాటిని ముందు గట్టిగా కట్టి ఉంచితేనే సరిగ్గా విడదీయగలం. ఈ సంగతి నాకు మొదటిసారి అర్థమైనప్పుడు ఆ రోజంతా ఇంకేం పని చేయబుద్ధి కాలేదు.

దీన్ని చేత్తో ముట్టుకుని చూపించిన మనిషి బ్రూస్ నిక్లాస్. మిడతల్లో వీర్యకణాలు తయారయ్యే కణాలు తీసుకుని, బతికున్న కణం లోపలి క్రోమోజోముని సన్నటి గాజు సూదితో లాగాడు, 1969లో. ఒకే ధ్రువానికి చిక్కిన క్రోమోజోము జంట మామూలుగా కాసేపటికి పట్టు వదిలి మళ్ళీ తిరిగి సర్దుకుంటుంది. ఆయన సూదితో దాన్ని ఎదురు దిక్కుకి లాగి పట్టుకుని ఉంచితే, తప్పు పట్టు అయినా సరే, విడలేదు. అంటే కణం చూసేది బిగువుని. అది ధ్రువం లాగిందా, సూది లాగిందా అన్నది దానికి అనవసరం.

తర్కం

అద్భుతం అండీ. కానీ బిగువు లేదని తెలిస్తే పట్టు విడిపించేది ఎవరు?

రాత్రిపాళీ

ఆరోరా బి అనే ఎంజైమ్. జంట కైనెటోకోర్ల మధ్య, సెంట్రోమియర్ (అదే, క్రోమోజోము నడుం) లోపల మకాం. తంతువు కొసని పట్టుకునే ప్రోటీన్లకి (ముఖ్యంగా ఎన్‌డీసీ80 అనేదానికి) ఫాస్ఫేట్ తగిలిస్తూ ఉంటుంది, ఫాస్ఫేట్ తగిలిన కొద్దీ పట్టు జారుతుంది. రెండు వైపులా లాగుడు పడితే కైనెటోకోర్లు చెరో వైపు సాగి ఆరోరాకి దూరమవుతాయి, దాని చెయ్యి అందదు, పట్టు నిలుస్తుంది. బిగువు లేకపోతే దాని పక్కనే ఉంటాయి కాబట్టి పట్టు ఊడిపోతుంది. ఎక్కువమంది చెప్పే వివరణ ఇదే.

మందు వేసి ఆరోరా బి పనిని ఆపితే తప్పు పట్లన్నీ అలాగే ఉండిపోతాయి. మందు కడిగేస్తే కణం ఒక్కొక్కటీ విప్పుకుని సరిచేసుకుంటుంది. తెర మీద అది చూడాలి మీరు.

వేరుకొన

అంటే అన్ని క్రోమోజోముల్లోనూ బిగువు వచ్చిందా లేదా చూసుకుని, వచ్చాక కణం చలన దశలోకి వెళ్తుందన్నమాట. ఇప్పుడు అర్థమైంది.

గీమ్సా

తమ్ముడూ, అక్కడ కొంచెం ఆగాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తప్పు పట్టుని విప్పడం ఒక పని. చలన దశ మొదలు కాకుండా ఆపడం ఇంకో పని. రెండోదాన్ని కణం బ్రేకు అనుకోండి.

1995లో కాన్లీ రైడర్ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు, ఎలుక కంగారూ కణాల్లో. ఆ కణాల్లో క్రోమోజోములు తక్కువ, పెద్దవి, అందుకని ఒక్కొక్కదాన్నీ విడిగా చూడొచ్చు. అంతకుముందే వాళ్ళు గమనించిన సంగతేమిటంటే, చిట్టచివరి కైనెటోకోర్‌కి తంతువు దొరికిన సగటున 23 నిమిషాలకి కణం విడిపోవడం మొదలవుతుంది. ఆ ఒక్కటి దొరక్కపోతే మిగతావన్నీ సిద్ధంగా ఉన్నా గంటల తరబడి అలాగే ఆగుతుంది. ఇప్పుడు వీళ్ళు ఏం చేశారంటే, తంతువు దొరకని ఆ చివరి కైనెటోకోర్‌ని లేజర్‌తో కాల్చేశారు. ఆ క్రోమోజోము ఇంకా ఒక ధ్రువానికే వేలాడుతోంది, బిగువు ఏమాత్రం లేదు. అయినా సుమారు 17 నిమిషాల్లో కణం విడిపోవడం మొదలుపెట్టింది!

అంటే బ్రేకు వేస్తున్నది బిగువు లేకపోవడం కాదు, ఖాళీగా ఉన్న కైనెటోకోరే "ఆగండి, నాకింకా దొరకలేదు" అంటోంది.

రాత్రిపాళీ

గీమ్సా గారు చెప్పింది నిజమే కానీ ఆ ఏడాదే ఇంకో ప్రయోగం వచ్చింది, అదీ చెప్పాలి. లీ, నిక్లాస్ కలిసి, గొల్లభామ పురుగు (మాంటిస్) కణాల్లో. ఒక ఎక్స్ క్రోమోజోము దారి తప్పి ఒకే ధ్రువానికి వేలాడుతుంటే కణం గంటల తరబడి ఆగిపోతుంది. దాన్ని సూదితో లాగి బిగువు తెప్పిస్తే కణం విడిపోయింది. అక్కడ బిగువే కదా బ్రేకు తీసింది?

గీమ్సా

తీసింది, కాదనను. కానీ బిగువు లేనిచోట ఆరోరా పట్టు ఊడగొడుతూ ఉంటుందని మీరే చెప్పారు కదా. పట్టు ఊడిన కైనెటోకోర్ ఖాళీ కైనెటోకోరే. ఖాళీ అయితే బ్రేకు పడుతుంది. సూదితో బిగువు తెప్పిస్తే పట్టు నిలబడుతుంది, ఖాళీ ఉండదు, బ్రేకు పోతుంది. బిగువు నేరుగా బ్రేకుతో కూడా మాట్లాడుతుందా అని వాదించేవాళ్ళు ఉన్నారు, కానీ నాకైతే ఈ వరసలో చూసినప్పుడు రెండు ప్రయోగాలూ ఒకదానికొకటి అడ్డు రాకుండా కుదిరాయి.

రాత్రిపాళీ

ఒప్పుకుంటున్నాను. నేను ముందే ఆ రెండు పనుల్నీ విడదీసి చెప్పాల్సింది.

తర్కం

46 జంటలంటే 92 కైనెటోకోర్లు. అందులో ఒక్కటి ఖాళీగా ఉంటే ఆ చిన్న చుక్క మొత్తం కణాన్ని ఆపగలదా? సంకేతం అంత దూరం ఎలా వెళ్తుంది?

బోటనీ మాస్టారు

దీపంతో దీపం వెలిగించినట్టు వెళ్తుంది. ఖాళీ కైనెటోకోర్ దగ్గర మ్యాడ్2 అనే ప్రోటీన్ ఆకారం మార్చుకుని కూర్చుంటుంది. పక్కన తిరిగే మామూలు మ్యాడ్2 వచ్చి దాన్ని తాకితే అదీ ఆకారం మార్చుకుంటుంది. మారిన మ్యాడ్2 సీడీసీ20 అనే ప్రోటీన్‌ని పట్టుకుని, ఇంకో రెండు ప్రోటీన్లతో కలిసి ఒక ముద్దగా కణమంతా తిరుగుతుంది. ఆ సీడీసీ20 లేకపోతే తర్వాతి పని కదలదు. ఖాళీ చోటు ఒక్కటే అయినా నిమిషానికి నిమిషం కొత్త ముద్దలు తయారవుతూనే ఉంటాయి. ఈ బ్రేకు జన్యువులు, మ్యాడ్, బబ్ అనేవి, 1991లో ఈస్ట్‌లో దొరికాయి, రెండు వేర్వేరు ల్యాబుల్లో ఒకే ఏడాది.

చివరి ఖాళీ కూడా నిండాక బ్రేకు కరిగిపోతుంది. సీడీసీ20 విడుదలై ఏపీసీ అనే పెద్ద యంత్రాన్ని లేపుతుంది. అది సెక్యూరిన్ అనే ప్రోటీన్‌కి నాశనం ముద్ర వేస్తుంది. సెక్యూరిన్ అంటే సెపరేస్ అనే కత్తెర మీద ఉన్న ఒర. ఒర పోతే కత్తెర కోహెసిన్ ఉంగరాన్ని తెంపుతుంది. అన్ని జంటలూ ఇంచుమించు ఒకేసారి విడిపోతాయి. ఇక వెనక్కి రావడం లేదు, తెగిన కోహెసిన్‌ని మళ్ళీ అతికించే దారి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు కనకే అంతకుముందు అంతసేపు ఆగి చూసుకోవడం.

గీమ్సా

మాస్టారు చెప్పిన ఆ బ్రేకుతోనే మా ఉద్యోగం నడుస్తోంది. క్రోమోజోముల లెక్క చూసే ల్యాబ్ మాది. రక్తకణాలు పెంచి, అవి విడిపోయే సమయానికి కోల్సెమిడ్ అనే మందు వేస్తాం. అది తంతువుల్ని తయారు కానివ్వదు. తంతువు లేదు కాబట్టి అన్ని కైనెటోకోర్లూ ఖాళీ, కాబట్టి కణాలన్నీ మధ్య దశలో ఆగిపోయి ఉంటాయి. తర్వాత పల్చటి ఉప్పు ద్రావణంలో వేస్తే నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి. మెథనాల్, ఎసిటిక్ ఆమ్లం మూడుకి ఒకటి పాళ్ళలో కలిపి గట్టిపరచి, గాజు పలక మీద ఒక్క చుక్క వదిలితే కణం పగిలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. ట్రిప్సిన్, ఆ పైన గీమ్సా రంగు. అప్పుడు చారలు కనపడతాయి. మనిషికి 48 అని అందరూ నమ్ముతుంటే 46 అని 1956లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ తేల్చింది ఇలా బాగా పరుచుకున్న క్రోమోజోముల్ని లెక్కపెట్టే.

క్యాన్సర్ మందుల్లో బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టీన్ కూడా ఇలాగే తంతువుల మీద దెబ్బ కొడుతుంది. టాక్సాల్ అనే ఇంకో క్యాన్సర్ మందు అందుకు తలకిందులు, తంతువుల్ని కూలనివ్వదు. కూలకపోతే వెతుకులాటే లేదు.

వేరుకొన

ఇంత కాపలా ఉండగా మరి తప్పులు ఎందుకు జరుగుతాయి అక్కా? క్యాన్సర్ కణాల్లో క్రోమోజోముల లెక్క సరిగ్గా ఉండదని చదివాను.

రాత్రిపాళీ

బ్రేకుకి కనపడని తప్పు ఒకటుంది. మనిషి కైనెటోకోర్ ఒక్కోదానికి పదిహేను, ఇరవై తంతువులు తగులుకుంటాయి. (ఈస్ట్‌కి ఒక్కటే.) అన్ని తంతువులున్నప్పుడు ఒకే కైనెటోకోర్‌కి కొన్ని ఈ ధ్రువం నుంచీ, ఒకటో రెండో ఆ ధ్రువం నుంచీ చిక్కుకోవచ్చు. ఖాళీ లేదు, బిగువూ ఉంది. బ్రేకు ఏం చెప్తుంది? ఏమీ చెప్పదు. కోహెసిన్ తెగాక ఆ ఒక్క క్రొమాటిడ్ రెండు వైపులా లాగబడుతూ మధ్యలో వెనకబడుతుంది. ఎక్కువసార్లు సరైన వైపు తంతువులే ఎక్కువ కనక నెమ్మదిగా అటే చేరుతుంది. చేరనప్పుడు విడిగా దాని చుట్టూ చిన్న పొర కట్టుకుని సూక్ష్మకేంద్రకంగా మిగిలిపోతుంది. ఆ పొర బలహీనం, లోపలి డీఎన్ఏ ముక్కలయ్యే ప్రమాదం ఉంది. క్యాన్సర్ కణాల్లో ఇది తరచుగా కనపడుతుంది. బొవేరి అనే ఆయన సముద్రపు అర్చిన్ గుడ్లలో క్రోమోజోముల పంపకం తప్పితే పిండం ఎలా చెడుతుందో చూసి, కణితులకి మూలం ఇదే కావచ్చని 1914లోనే రాశాడు.

పాప వాళ్ళమ్మ

నేను సైన్సు చదివినదాన్ని కాదు. మూడు రోజులుగా మీరు రాసేవి చదువుతున్నాను, సగం అర్థమయ్యాయి. మా పాపకి ఆరేళ్ళు. డౌన్ సిండ్రోమ్. 21వ క్రోమోజోము మూడు ఉన్నాయని రిపోర్టులో రాశారు. పాప పుట్టినప్పుడు నాకు 27. కడుపుతో ఉన్నప్పుడు నువ్వు ఉద్యోగానికి తిరిగావు, అందుకే ఇలా అయిందని దగ్గరివాళ్ళే ఒకరు అన్నారు. ఆరేళ్ళుగా ఆ మాట నన్ను వదలట్లేదు. మీరు చెప్పిన ఈ పంపకం తప్పడం, అది నేను చేసిన దేనివల్లనైనా జరిగిందా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గీమ్సా

లేదమ్మా. ఉన్నది ఉన్నట్టే చెప్తున్నాను.

మీరు కడుపుతో ఉన్నానని తెలుసుకునేసరికే ఈ పంపకం అయిపోయి ఉంటుంది. మీరు తిరిగిన రోజులు ఆ తర్వాతివి. 21వది మూడు ఉండటం దాదాపు ఎప్పుడూ అండమో, వీర్యకణమో తయారయ్యేటప్పుడు జరిగిన పంపకం వల్లే, పదిలో తొమ్మిదిసార్లు అండంలో.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలకి మూలమైన కణాలు విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. అలా ఏళ్ళ తరబడి ఆగి ఉంటాయి. మీ పాప అయిన ఆ అండకణంలో క్రోమోజోముల్ని కట్టి ఉంచిన కోహెసిన్ ముడులు మీరు ఇంకా పుట్టకముందు పడినవి. ఎలుకల్లో చూస్తే ఆ ముడులు మళ్ళీ కొత్తగా వేసుకోవు. 27 ఏళ్ళు పట్టుకుని ఉన్న ముడుల్లో ఒకటి సడలి ఉండొచ్చు. దానికి మీ నడక, మీ ఉద్యోగం, మీ కోపం, మీ దిగులు ఏవీ కారణం కాదు.

పైగా మనిషి అండంలో ధ్రువాల దగ్గర సెంట్రోసోములు (మిగతా కణాల్లో తంతువులు మొదలయ్యే చోట్లు) ఉండవు, కండె అమరడానికే సుమారు 16 గంటలు పడుతుంది, బ్రేకు కూడా ఒంట్లో మిగతా కణాల్లో ఉన్నంత గట్టిది కాదు. వయసు పెరిగితే ఈ అవకాశం పెరుగుతుంది: 25 ఏళ్ళకి సుమారు 1,250 మంది పిల్లల్లో ఒకరికి, 40కి సుమారు 100 మందిలో ఒకరికి. కానీ చిన్న వయసు తల్లులకే ఎక్కువమంది పిల్లలు పుడతారు కనక మా దగ్గరికి మీ వయసు తల్లులు ఎంతోమంది వస్తారు. మీరొక్కరే కాదు.

ఒక్క పని చేయండి. రిపోర్టులో 47, ఎక్స్‌ఎక్స్, +21 అని ఉందా చూడండి. అలా ఉంటే నేను చెప్పిందే. కొద్దిమందిలో 21వది వేరే క్రోమోజోముకి అతుక్కుని ఉంటుంది, అప్పుడు తల్లిదండ్రులు కూడా పరీక్ష చేయించుకోవాలి, తర్వాతి కాన్పు సంగతి డాక్టరుతో మాట్లాడటానికి. అదీ ఎవరి తప్పూ కాదు.

పాప వాళ్ళమ్మ

47, ఎక్స్‌ఎక్స్, +21 అనే ఉంది. ఇప్పుడే తీసి చూశాను.

నేను పుట్టకముందు అన్నారు చూడండి, ఆ ఒక్క మాట మా ఆయనకి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడలేదు. మీకు రుణపడి ఉంటాను అక్కా.

బోటనీ మాస్టారు

అమ్మా, పాపకి మా ఆశీస్సులు. ఆ మాట అన్నవాళ్ళకి గీమ్సా గారు రాసింది చదివి వినిపించండి, మొహమాటపడకండి.

వేరుకొన

నేను పరీక్ష కోసం అడిగిన ప్రశ్న ఎక్కడికో వెళ్ళింది. అందరికీ నమస్కారాలు. రాత్రిపాళీ అన్నా, చివరిగా ఒక్కటి. కణం తన తప్పుని విప్పుకోవడం నువ్వు కళ్ళారా చూశానన్నావు. ఎలా ఉంటుందో రాస్తావా? మా కాలేజీలో ఉన్నవన్నీ రంగు వేసిన స్లైడులే.

రాత్రిపాళీ

నిన్న రాత్రి చూసినదే రాస్తాను తమ్ముడూ.

ఒక కణం. నిమిషానికి ఒక ఫొటో. క్రోమోజోములన్నీ మధ్యలో పట్టీలా చేరాయి, ఒక్కటి తప్ప. అది పై ధ్రువానికి ఆనుకుని ఉండిపోయింది, రెండు కైనెటోకోర్లూ పైకే చిక్కి. మధ్యలో ఉన్నవి ఊరికే నిలబడవు, కొంచెం పైకి, కొంచెం కిందికి ఊగుతూనే ఉంటాయి, బొమ్మల్లో ఇది ఎప్పుడూ కనపడదు. ఇరవై నిమిషాలు గడిచాయి. పైనున్నది ఒకసారి కిందికి జరిగినట్టే జరిగి మళ్ళీ పైకి పోయింది. ఇంకో పది నిమిషాలు. అప్పుడు అది మెల్లగా పక్కకి తిరిగింది, ఒక కొస కిందికి చూసింది. ఒక పట్టు ఊడిందన్నమాట. రెండు ఫొటోలు అలాగే ఉంది. మూడో ఫొటోలో కిందికి బయల్దేరింది, ఈసారి ఆగలేదు, నేరుగా వచ్చి వరసలో చేరింది. దాని రెండు కైనెటోకోర్ చుక్కలూ ఒకదాన్నుంచి ఒకటి దూరం జరిగి కనపడ్డాయి, సాగినట్టు.

అప్పటి నుంచి గడియారం చూస్తూ కూర్చున్నాను. 19 నిమిషాలు ఏమీ జరగలేదు, ఊగడం తప్ప. ఇరవయ్యో ఫొటోలో అన్నీ ఒక్కసారిగా రెండు గీతలయ్యాయి.

ఆలస్యంగా వచ్చిందాన్ని రెండు వైపులా వెతికాను. మిగతావాటితో పాటే వెళ్తోంది, ఏది అదో గుర్తు పట్టలేకపోయాను.